పాకం తెలిసిన వేళ్ళు

కామారెడ్డి దాటి ఉత్తరంగా సాగే 44వ నంబరు జాతీయ రహదారి ఇందల్వాయి దగ్గర టోల్ గేట్ల వరుసలుగా విడిపోతుంది. అక్కడ రాత్రీ పగలూ సాగే పని చాలామంది కంటికి ఆనదు. లారీ వచ్చి వేగం తగ్గిస్తుంది, ముందు అద్దానికి అతికించిన ఫాస్టాగ్‌ను పైనుంచి రీడరు గుర్తిస్తుంది, అడ్డుకర్ర లేస్తుంది, లారీ ఆర్మూరు దిక్కుకు సాగిపోతుంది. అంతా సవ్యంగా జరిగినంతసేపూ డ్రైవరు అద్దం దించవలసిన పని కూడా ఉండదు. అయితే ఎన్నో బండ్లకు ఒకటిగా, రీడరు చదవలేని ట్యాగు వచ్చి నిలుస్తుంది. వెనుక వరుసలో హారన్లు మొదలవుతాయి. అప్పుడు ఎండలో పక్కన నిలబడి ఉన్న ఒక యువకుడు చేతిలో ఇమిడే స్కానరు పట్టుకుని ముందుకు వస్తాడు. డ్రైవరును రెండడుగులు వెనక్కి పొమ్మని సైగ చేస్తాడు, అద్దం మీది దుమ్మును అరచేత్తో తుడుస్తాడు, స్కానరును ట్యాగుకు దగ్గరగా ఆనించి చూస్తాడు, గేటు తెరుచుకుంటుంది. నగదు చేతులు మారకుండా, బండి ఆగకుండా చేయడమే ఉద్దేశంగా 2021 ఫిబ్రవరిలో దేశమంతటా తప్పనిసరి చేసిన ఏర్పాటు ఇది. మరి ఆ యువకుడు ఇంకా అక్కడ ఎందుకు ఉన్నాడు? సాఫ్ట్‌వేర్ వృత్తిలో ఏళ్ళ తరబడి ఉన్నవారిని ఈ ప్రశ్న అంత తేలికగా వదిలిపెట్టదు, ఎందుకంటే ఆ వృత్తి తన గురించి తాను చెప్పుకునే గొప్పలన్నిటికీ జవాబు ఆ యువకుడు నిలబడిన చోటే దొరికేటట్టు కనిపిస్తుంది.

గేటు తెరుచుకునే ఆ కొద్ది క్షణాలలో జరిగేది తక్కువేమీ కాదు. ఫాస్టాగ్‌లో బ్యాటరీ ఉండదు; రీడరు పంపే రేడియో తరంగాల శక్తినే వాడుకుని అది తన సంఖ్యను తిరిగి పంపుతుంది. టోల్‌ప్లాజాలోని కంప్యూటరు ఆ సంఖ్య చెల్లుబాటవుతుందో లేదో, ఖాతాలో సొమ్ము తక్కువై నిలిపివేసిన ట్యాగుల జాబితాలో ఉందేమో చూసుకుంటుంది. తరువాత ఆ లావాదేవీ ప్లాజాకు సేవలందించే బ్యాంకుకూ, అక్కడినుంచి నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్‌కూ, ఆపైన ట్యాగును జారీచేసిన బ్యాంకుకూ ప్రయాణించి, చివరకు వాహనదారుని ఫోనుకు ఒక సందేశమై చేరుతుంది. ఈ గొలుసులోని ఒక్కొక్క కొక్కేన్నీ ఒక్కొక్క సంస్థలో, వేరువేరు సంవత్సరాలలో, ఒకరినొకరు ఎన్నడూ చూడని మనుషులు రాశారు. గొలుసు మొత్తం ఏ ఒక్కరి తలలోనూ లేదు. ఏ లేనులో రీడరు మధ్యాహ్నానికి మొండికేస్తుందో, ఏ రకం బండికి ట్యాగును ఎంత ఎత్తులో అతికిస్తారో స్కానరు పట్టుకున్న యువకునికి తెలుసు. కాని ఆ తెలిసినది ఏ ఫైలులోనూ రాసి ఉండదు. ప్రోగ్రామర్లు ఇటువంటివాటిని ఎడ్జ్ కేసులు అంటారు, అంటే మామూలు దారికి అంచున ఉండి లెక్కకు అందకుండా పోయే సందర్భాలు. అంచు అనుకున్నదే చాలాసార్లు వృత్తికి నడిబొడ్డు అవుతుందన్నది ఈ పనిలో తల నెరిసినవారికి మాత్రమే అర్థమయ్యే సంగతి కావచ్చు.

ఈ పరిశ్రమ మాత్రం తన కథను వేరే విధంగా చెప్పుకుంటుంది. అక్కడ ప్రతి నాలుగైదేళ్ళకూ ఒక కొత్త మాట పుట్టుకొచ్చి, అంతకుముందున్నదంతా పాతబడిపోయిందని ప్రకటిస్తుంది. సొంత సర్వర్లు వద్దు, అద్దెకు దొరికే యంత్రాలు, అంటే క్లౌడ్ చాలు అన్నారు. ఒకే ముద్దగా ఉన్న ప్రోగ్రామును చిన్నచిన్న స్వతంత్ర భాగాలుగా విడగొట్టే మైక్రోసర్వీసుల పద్ధతి రాగానే, పదిమంది వాడే లెక్కల ప్రోగ్రామును కూడా ముప్పై ముక్కలు చేసిన బృందాలు కనిపించాయి. బ్లాక్‌చెయిన్ వచ్చి ప్రతి దస్తావేజునూ తనలో దాచుకుంటానన్నది; 2021లో ఫేస్‌బుక్ సంస్థ మెటాగా పేరు మార్చుకున్నాక మెటావర్స్ అన్న మాట కొన్నాళ్ళు ప్రతి సమావేశంలోనూ వినిపించింది. ఇవన్నీ బూటకాలని అనడం అన్యాయం. ఒక్కొక్కదానిలో ఒక నిజమైన అవసరానికి జవాబు ఉంది. అయినా పని నిజంగా తేలికైందా అని అడిగితే సూటిగా అవునని చెప్పగలిగేవారు తక్కువ. ఐబీఎంలో సిస్టమ్ 360 ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణానికి నాయకత్వం వహించిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1986లోనే దీనికి కారణం వివరించాడు. ప్రోగ్రామింగ్‌లోని కష్టం రెండు రకాలు: పనిముట్ల మొరటుతనం వల్ల వచ్చేది ఒకటి, పరిష్కరించవలసిన సమస్యలోనే ఉన్న చిక్కుదనం వల్ల వచ్చేది మరొకటి. మంచి పనిముట్టు మొదటిదాన్ని తగ్గిస్తుంది, రెండోదాని జోలికి పోలేదు. టోల్ వసూలులో ఎవరికి మినహాయింపు, తిరుగు ప్రయాణానికి ఎంత, బండి తరగతిని తప్పుగా గుర్తిస్తే సొమ్ము వాపసు ఎలా అన్న చిక్కులు ఏ క్లౌడ్‌లో పెట్టినా చిక్కులుగానే ఉంటాయి.

బ్రూక్స్ కంటే ఒక ఏడాది ముందు, 1985లో, పీటర్ నౌర్ అనే డేనిష్ శాస్త్రవేత్త ఇంకొక అడుగు లోతుకు వెళ్ళాడు. ప్రోగ్రాము అంటే తెర మీద కనిపించే పంక్తులేనా అన్నది అతని ప్రశ్న. ఒక బృందం రాసిన కంపైలరును, అంటే మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే సాధనాన్ని, రెండో బృందానికి అప్పగించిన ఉదంతాన్ని అతను ఉదహరించాడు. రెండో బృందం చేతిలో ప్రోగ్రాము మొత్తం ఉంది, వివరణ పత్రాలన్నీ ఉన్నాయి, సమర్థులూ ఉన్నారు. అయినా కొత్త సౌకర్యాలు చేర్చవలసి వచ్చినప్పుడు వారు సూచించిన మార్పులు అసలు నిర్మాణపు అందాన్నీ బలాన్నీ పాడుచేసే అతుకులే అయ్యాయి. మొదటి బృందంవారు మాత్రం చూడగానే సులువైన మార్గం చూపగలిగారు. దీన్నిబట్టి నౌర్ తేల్చినది ఒక్క మాటలో చెప్పవచ్చు: ప్రోగ్రాము నిజంగా ఉండేది దాన్ని నిర్మించినవారి అవగాహనలో, ఆ బృందం చెదిరిపోతే, యంత్రం మీద అది ఇంకా నడుస్తూనే ఉన్నా, ప్రోగ్రాము చనిపోయినట్టే. నాలుగు దశాబ్దాల తరువాత కూడా ఈ మాట పరిశ్రమకు మింగుడుపడలేదు. సంస్థల లెక్కల పుస్తకాలలో కోడు ఆస్తి కిందికి వస్తుంది, మనిషి ఖర్చు కిందికి వస్తాడు. నౌర్ చెప్పింది నిజమైతే ఆ రెండు గళ్ళూ తారుమారు కావలసి ఉంటుంది. ఇది మరీ అతిశయోక్తి కాదా అన్న అనుమానం రావచ్చు. అనుమానం తీరడానికి దూరం పోనక్కరలేదు. ఇందల్వాయి నుంచి నిజామాబాదు మీదుగా బోధన్ దాకా వెళితే చాలు.

బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో 1937లో నెలకొల్పిన నిజాం చక్కెర కర్మాగారం ఒకప్పుడు ఆసియాలోనే అతిపెద్దదిగా పేరుపొందింది. మంజీర నది మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయపు నీళ్ళు కాలువల వెంట దిగివచ్చి చెరుకును పండించగా, కర్మాగారానికి వేల ఎకరాల సొంత తోటలు కూడా ఉండేవి. కొట్టిన చెరుకు ఆగదు. ఆలస్యమైన కొద్దీ దానిలోని తీపి తరిగిపోతుంది కాబట్టి క్రషింగ్, అంటే చెరుకు ఆడించడం, మొదలైందంటే రైతూ, బండీ, మిల్లూ ఒకే లయలో నడవవలసిందే. ఆ లయలో అందరికంటే సూక్ష్మమైన పని పాన్ దగ్గర ఉండే మనిషిది. సున్నమూ గంధకపు పొగా పట్టించి శుభ్రం చేసిన రసాన్ని గాలి తీసేసిన పెద్ద పాత్రలో తక్కువ వేడి మీద మరిగిస్తారు. ఆ పాత్రే పాన్. లోపలి పాకం నుంచి చిన్న నమూనా తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి నెమ్మదిగా సాగదీస్తే లేచే తీగ పొడవును బట్టి పాకం ఏ దశలో ఉందో అతడు పోల్చుకుంటాడు. గాజుపలక మీద పరిచి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పలుకులు సమంగా పేరుకుంటున్నాయో, అవసరం లేని సన్నరవ్వ పుడుతోందో కనిపిస్తుంది. ఒక్క నిమిషం ముందైతే పలుకు కట్టదు, వెనుకైతే ముద్ద అవుతుంది. వేడిని కొలిచే మీటరూ, పీడనాన్ని చూపే ముల్లూ పక్కనే ఉంటాయి. అవి చెప్పింది విని, చివరి నిర్ణయం మాత్రం వేళ్ళే చేస్తాయి. ఈ విద్య పుస్తకంలో ఉండదా అంటే ఉంటుంది. కాని పుస్తకం చదివి పాన్ దగ్గర నిలబడినవాడికీ, పదేళ్ళు ఒక పెద్దమనిషి పక్కన నిలబడి నేర్చుకున్నవాడికీ మధ్య ఉన్న తేడా చక్కెర పలుకులో తెలిసిపోతుంది.

2002లో ఆ కర్మాగారం ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళింది. 2015 డిసెంబరులో మూతపడింది. మూతకు కారణాలు విధానాలలోనూ, పెట్టుబడిలోనూ, యాజమాన్యపు నిర్ణయాలలోనూ ఉన్నాయి. పాకం పట్టేవారి లోపం వల్ల అది ఆగిపోలేదు. కాబట్టి సాఫ్ట్‌వేరుతో ఈ పోలిక ఎంతవరకు నిలుస్తుందని ఆగి ఆలోచించడం న్యాయం. అవగాహన చెదిరిపోవడం ఇక్కడ కారణం కాదు, ఫలితం. కాని అసలు విషయం ఆ ఫలితంలోనే ఉంది. మూతపడిన నాటినుంచి తిరిగి తెరిపిస్తామన్న మాట ఎన్నికల సభల్లోనూ శాసనసభలోనూ ఎన్నోసార్లు వినిపించింది. తుప్పు పట్టిన యంత్రాల స్థానంలో కొత్తవి కొనవచ్చు, బకాయిలు తీర్చవచ్చు, వరికీ సోయాకూ మళ్ళిన పొలాల్లో మళ్ళీ చెరుకు నాటించవచ్చు. డబ్బుంటే ఇవన్నీ ఒకటి రెండేళ్ళ పనులు. పాన్ దగ్గర నిలబడవలసిన మనిషిని ఎక్కడినుంచి కొనుక్కొస్తారు? ఒకరు వయసు మీదపడి ఇంటికి పరిమితమై ఉంటారు, ఒకరు వేరే మిల్లుకు వలసపోయి ఉంటారు, వారి దగ్గర నేర్చుకోవలసిన కుర్రవాడు దుబాయికో హైదరాబాదుకో వెళ్ళి ఇంకేదో పనిలో స్థిరపడి ఉంటాడు. గురువు నుంచి శిష్యునికి చేరవలసిన వరుస ఒక్కసారి తెగితే దాన్ని అతికించే జిగురు బజారులో దొరకదు. నౌర్ ప్రోగ్రాము గురించి చెప్పిన మరణం ఇదే. తేడా అల్లా ఏమిటంటే, శక్కర్‌నగర్‌లో పొగ రాని గొట్టం అందరికీ కనిపిస్తుంది, ప్రోగ్రాము చనిపోయిన సంగతి బయటికి కనిపించదు.

సాఫ్ట్‌వేర్ కార్యాలయాలలో ఈ వరుసను అతికించడానికి కేటీ అనే ఒక తంతు ఉంది. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అన్న మాటకు అది పొట్టి పేరు. ఉద్యోగి రాజీనామా ఇచ్చాక నోటీసు గడువులో చివరి రెండు వారాలు తనకు తెలిసినదంతా కొత్తగా వచ్చినవారికి అప్పగించాలన్నది దాని నియమం. వెళ్ళేవారి మనసు అప్పటికే వచ్చే నెల చేరబోయే చోట ఉంటుంది, వచ్చేవారు ఇంకా పాత ప్రాజెక్టు ముగించుకోలేదు. తెర మీద ఒక చిత్రపటం చూపిస్తారు, సమావేశం రికార్డు అవుతుంది. ఎక్కడో మాటల మధ్య, ఈ ప్రోగ్రాము ప్రతి నెలా మొదటి తేదీ రాత్రి ఆగిపోతుంది, పట్టించుకోవద్దు, మళ్ళీ నడిపితే సరిపోతుంది అన్న వాక్యం ఒకటి దొర్లుతుంది. ఎందుకు ఆగిపోతుందని ఎవరూ అడగరు, అడిగే సమయం ఉండదు. ఆరు నెలల తరువాత ఒక రాత్రి మళ్ళీ నడిపినా సరిపోనప్పుడు, ఆన్‌కాల్‌లో ఉన్న, అంటే అర్ధరాత్రి ఫోను మోగితే లేచి సరిచేయవలసిన బాధ్యత వంతుగా వచ్చిన ఉద్యోగి ఆ రికార్డింగును వెతికి వింటాడు. అందులో ఆ వాక్యం తప్ప మరేమీ దొరకదు. పదేళ్ళలో పేరుకున్న అవగాహనను పది రోజుల్లో పోయవచ్చని నమ్మడం, బావిలోని నీటిని చెంబుతో ఇంకొక బావికి మార్చవచ్చని నమ్మడం వంటిది. నేర్చుకునేవాడు పక్కన కూర్చుని కలిసి పని చేయాలి, కలిసి తప్పు చేయాలి, ఎందుకు అలా రాశారో అడిగి తెలుసుకోవాలి. అందుకు తీరిక కావాలి, ఒకే పని మీద ఇద్దరిని ఉంచే ఓపిక యాజమాన్యానికి కావాలి.

విచిత్రమేమంటే తెలుగువారు ఈ రంగంలో కాలు మోపింది కొత్తది కట్టి కాదు, పాతదాన్ని చదివి. పంచ్‌కార్డుల కాలంలో చోటు ఆదా చేయడానికి సంవత్సరాన్ని రెండు అంకెలతోనే రాసిన ప్రోగ్రాములు 2000 సంవత్సరం రాగానే దాన్ని 1900గా పొరబడతాయన్న భయం పాశ్చాత్య దేశాల బ్యాంకులనూ బీమా సంస్థలనూ పట్టుకున్నప్పుడు, కోబాల్ భాషలో ఎవరో ఎప్పుడో రాసి వెళ్ళిపోయిన లక్షల పంక్తులను ఓపికగా చదివి, తేదీ ఉన్న ప్రతిచోటా దిద్దే మనుషులు కావలసివచ్చారు. హైదరాబాదులోని అమీర్‌పేట మేడల మీది శిక్షణ కేంద్రాలలో నేర్చుకున్న యువతీయువకులు ఆ పనికి వెళ్ళారు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన రోజులలో హైదరాబాదుకు వచ్చిన పేరు వెనుక ఉన్న పెట్టుబడిలో ఈ ఓపిక వాటా పెద్దది. పాత కోడును గౌరవించడం తెలిసిన తరం అది అనవచ్చు. అయితే అదే అమీర్‌పేటలో తరువాత మరొకటి కూడా పెరిగిందని దాచుకోకుండా ఒప్పుకోవాలి. చేయని పనికి అనుభవ పత్రాలు పుట్టించడం, ఇంటర్వ్యూలో అభ్యర్థి బదులు వేరొకరు మాట్లాడే ప్రాక్సీ పద్ధతి ఇక్కడ చాలామందికి తెలిసిన రహస్యాలు. ఉద్యోగం కోసం అప్పు చేసిన కుటుంబాల ఒత్తిడి దీని వెనుక ఉందన్నది నిజమే, కాని తప్పు తప్పే. పాకం పట్టడం రాని మనిషి పాన్ దగ్గర నిలబడితే ఒక రోజు చక్కెర పాడవుతుంది. అవగాహన లేని మనిషి బ్యాంకు లావాదేవీల ప్రోగ్రాము దగ్గర కూర్చుంటే ఎవరి జీతం ఎక్కడ ఆగిపోతుందో చెప్పలేము.

పని విలువను కొలిచే విషయంలోనూ నిజామాబాదు ప్రాంతం చెప్పగలిగే పాఠం ఉంది. ఇక్కడి పల్లెల్లో వేలాదిమంది స్త్రీలు బీడీలు చుడతారు. నానబెట్టిన తునికాకును అచ్చు పెట్టి కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, కొసలు మూసి, కట్టలు కట్టి కార్ఖానాకు తీసుకువెళితే అక్కడ నాసివి ఏరి పక్కనపెట్టి వెయ్యికి ఇంత అని కూలి కడతారు. ఆ కూలి చాలదన్నది వేరే పోరాటం. కాని లెక్క మటుకు స్పష్టం, ఎందుకంటే చుట్టిన బీడీతో చుట్టినవారి బాధ్యత తీరిపోతుంది. ప్రోగ్రామరు పనిని కూడా ఇదే విధంగా లెక్కించాలని సంస్థలు ఎన్నో విధాల ప్రయత్నించాయి: రాసిన పంక్తులు, మూసిన టికెట్లు, అంటే పూర్తయినట్టు గుర్తు పెట్టిన పనులు, స్టోరీ పాయింట్లు, అంటే ఒక్కొక్క పని ఎంత కష్టమో ముందుగా వేసుకున్న అంచనాలు. పంక్తి రాయడంతో బాధ్యత తీరదు, మొదలవుతుంది. దాన్ని ఎవరో చదవాలి, ఇంకెవరో దిద్దాలి, చట్టం మారినప్పుడల్లా అది మారాలి. వెయ్యి పంక్తులు చేర్చినవారికంటే రెండు వందలు తీసివేసి అదే పని జరిగేటట్టు చేసినవారు సంస్థకు ఎక్కువ మేలు చేసి ఉండవచ్చు. వారం రోజులు ఏమీ రాయకుండా ఒక పొరపాటు మూలాన్ని వెతికినవారు ఇంకా ఎక్కువ మేలు చేసి ఉండవచ్చు. ఇవి ఏ పట్టికలోకీ ఎక్కవు. సంవత్సరాంతపు మదింపులో పట్టిక ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి, తెలివైనవారు మెల్లగా పట్టికలోకి ఎక్కే పనులే చేయడం నేర్చుకుంటారు. ఈ నష్టం ఒక్కరోజులో తెలిసేది కాదు.

ఇప్పుడు వీటన్నిటి మీదికీ కృత్రిమ మేధ వచ్చింది. 2021లో కోపైలట్, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత, ఏమి కావాలో మామూలు మాటల్లో చెబితే కోడు రాసి ఇచ్చే యంత్రాలు ప్రతి కార్యాలయంలోకీ చేరాయి. వాటి శక్తిని తక్కువ చేసి మాట్లాడేవారు వాటిని వాడి చూడనివారై ఉండాలి. పూర్వం ఒక పూట పట్టే పని నిమిషాల్లో అవుతోంది. అయితే అవి ఏమి చూస్తాయో, ఏమి చూడవో తెలుసుకోవడం ముఖ్యం. ఇందల్వాయి అన్న మాటనే తీసుకుంటే, చదువరి కంటికి అందులో ఇం, ద, ల్వా, యి అనే నాలుగు అక్షరాలు కనిపిస్తాయి. కంప్యూటరుకు అందులో తొమ్మిది సంకేతాలున్నాయి, మూల అక్షరానికొకటి, పొల్లుకొకటి, సున్నకొకటి, గుణింతపు గుర్తుకొకటి చొప్పున. యూటీఎఫ్-8 అనే ప్రామాణిక పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ మూడు బైట్లు తీసుకుంటుంది కాబట్టి ఊరి పేరు ఇరవై ఏడు బైట్లవుతుంది. ఇంగ్లీషులో రాస్తే ఎనిమిది చాలు. ఇంగ్లీషులో 160 అక్షరాలు పట్టే ఎస్సెమ్మెస్‌లో తెలుగుకు 70 సంకేతాలే పడతాయి. పేరు గడిని ఇన్ని బైట్లని కొలిచి బిగించే ప్రోగ్రామరుకు ఈ సంగతి తెలియకపోతే ఊరి పేరు మధ్యలో తెగిపోతుంది. యంత్రాన్ని అడిగితే ఈ లెక్క చెబుతుంది, సందేహం లేదు. అడగాలన్న సంగతి తోచడానికి మాత్రం, ఈ పేరు ఎవరో ఒకరి రేషన్ కార్డు మీద, పింఛను కాగితం మీద సరిగా పడాలన్న పట్టింపు ఉన్న మనిషి కావాలి.

ఇంతకంటే లోతైన సందేహం కొత్తగా రాబోయేవారి గురించి. బాసరలో 2008లో ఏర్పడిన రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయంలో పల్లెల నుంచి వచ్చి చదువుకున్న పిల్లలున్నారు. నిజామాబాదులోనే 2023 ఆగస్టులో ఐటీ హబ్ తెరుచుకుంది. ఇక్కడినుంచి వృత్తిలోకి అడుగుపెట్టేవారికి మొదటి ఏడాది చిన్న పనులు ఇవ్వడం ఆనవాయితీ: ఒక నివేదికలో గడి చేర్చడం, ఒక చిన్న పొరపాటు దిద్దడం, పరీక్షలు రాయడం. ఆ చిన్న పనుల వల్ల సంస్థకు వచ్చే లాభం తక్కువే, కాని వాటిని చేస్తూనే ఆ పిల్లలు పెద్ద ప్రోగ్రాము కడుపులో తిరుగుతారు, ఎవరినో అడుగుతారు, తిట్లు తింటారు, అవగాహన పెంచుకుంటారు. యంత్రం ఇప్పుడు సరిగ్గా ఆ చిన్న పనులనే మింగుతోంది. అనుభవజ్ఞులకు యంత్రం తోడైతే కొత్తవారు ఎందుకన్న లెక్క సంస్థలకు సులభంగా తోస్తుంది. మరి ఇరవై ఏళ్ళ తరువాత అనుభవజ్ఞులు ఎక్కడినుంచి వస్తారు? పాన్ పక్కన కుర్రవాణ్ణి నిలబెట్టడం దండుగ ఖర్చని తొలగించిన మిల్లుకు మొదటి సంవత్సరం లాభమే వస్తుంది, రెండో సంవత్సరమూ వస్తుంది.

ఇదంతా పాతదాని మీది మమకారమేనేమో అని కూడా ప్రశ్నించుకోవాలి. 1957లో ఐబీఎం ఫోర్ట్రాన్ భాషను తెచ్చినప్పుడు, యంత్రభాషలో చేత్తో రాసిన కోడుకు సాటి రాదని సందేహించిన నిపుణులున్నారు. వారి సందేహం నిలవలేదు. యంత్రభాష తెలియని లక్షలమంది ఆ తరువాత మంచి ప్రోగ్రాములు రాశారు, లోకం మునిగిపోలేదు. కృత్రిమ మేధ కూడా అలాంటి మరో మెట్టు కావచ్చు. అలా అయితే అది సంతోషించదగ్గ విషయమే. కాని రెండింటికీ ఒక తేడా ఉంది. కంపైలరు తనకిచ్చిన ప్రోగ్రాము అర్థాన్ని నిర్ణీత సూత్రాల ప్రకారం మారుస్తుంది, ఆ అర్థం మాత్రం రాసిన మనిషి తలలోనే ఉంటుంది. కొత్త యంత్రం అర్థాన్ని కూడా తానే ఊహించి రాస్తుంది. దాన్ని చదవకుండా ఒప్పుకుంటే, నడుస్తున్న ప్రోగ్రాము ఉంటుంది, అది ఎందుకు అలా నడుస్తోందో తెలిసిన మనిషి ఒక్కరూ ఉండరు. నౌర్ మాటల్లో చెప్పాలంటే అది పుట్టుకతోనే ప్రాణం లేనిది. చదివి, ప్రశ్నించి, అర్థం చేసుకుని తీసుకుంటే అదే యంత్రం గొప్ప సహాయకురాలు. కాబట్టి తగవు యంత్రంతో లేదు, చదవడానికి తీరిక ఇవ్వని తొందరతోనే ఉంది.

వాడుకలో ఉన్న ప్రోగ్రాము మారుతూనే ఉండాలని, మారిన కొద్దీ ప్రత్యేక శ్రద్ధ పెట్టకపోతే చిక్కుపడుతుందని మీర్ లేమన్ అనే శాస్త్రవేత్త 1970లలోనే గమనించాడు. నిజాంసాగర్ ఆయకట్టు రైతుకు దీన్ని వివరించనక్కరలేదు. ఏటేటా మంజీర తెచ్చిపోసిన పూడిక వల్ల ఆ జలాశయంలో నీళ్ళు నిలిచే చోటు తగ్గుతూ వచ్చి ఇప్పుడు దాని సామర్థ్యం 17.8 టీఎంసీలుగా ఉంది. కట్ట చెక్కుచెదరలేదు, గేట్లు లేస్తున్నాయి, చూసేవారికి ప్రాజెక్టు నిండుగానే కనిపిస్తుంది. తరిగింది లోపలి లోతు. సాఫ్ట్‌వేర్ సంస్థలను నడిపేవారూ, వాటిలో పనిచేసేవారూ ఏడాదికి ఒక్కసారైనా ఆ లోతును కొలుచుకోవాలి. ఏ ప్రోగ్రాము గురించి పూర్తిగా తెలిసినవారు ఒక్కరే మిగిలారో ఒక కాగితం మీద రాసుకోవాలి. ఆ ఒక్కరి పక్కన, వారు రాజీనామా ఇవ్వకముందే, ఒక కొత్తవారిని కూర్చోబెట్టాలి. పాత కోడును దిద్దినవారికి కొత్తది కట్టినవారితో సమానమైన మాటా, జీతమూ దక్కాలి. చదివే యువతకు చెప్పదగినది ఒక్కటే: ఏ భాష నేర్చుకున్నా, ఏ యంత్రాన్ని తోడు తెచ్చుకున్నా, అర్థం కాని పంక్తిని మీ పేరుతో ముందుకు పంపకండి. అడగడానికి సిగ్గుపడకండి, అడిగినవారికి చెప్పడానికి బద్ధకించకండి.